లైటు నిద్రపోయేదాకా

మా బడిలో చివరి గది గోడకి ఒక చెక్కపలక ఉంది. దానికి ముప్పై ఒక్క మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో రంగు దారంతో చిటికెన వేలంత పెన్ డ్రైవ్ వేలాడుతుంటుంది. పిల్లలు దాన్ని పెన్ డ్రైవ్ అనరు, పుల్ల అంటారు. పొద్దున్నే "నా పుల్ల, నా పుల్ల" అంటూ ఆ పలక ముందు మూగుతారు. ఎవరి పుల్ల వాళ్ల చేతిలో పెట్టి, తల నిమిరి లోపలికి పంపేది టకటకమ్మ.

నేను పక్క గదిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. మధ్య గోడకి కిటికీ ఉంది. కాబట్టి ఇందులో చాలామటుకు కళ్లారా చూసిందే.

టకటకమ్మ ఇరవై రెండేళ్లు టైపు నేర్పింది. మేడ మీద ఆవిడ గదిలోంచి వీధంతా టకటకలు వినపడేవి, ఆ పేరు అలా వచ్చింది. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గి తగ్గి, ఆఖరికి మిషన్లు పాత ఇనుములోకి వెళ్లిపోయిన రోజున కూడా ఆవిడ ఒక్కోదానికి నూనె వేసి, గుడ్డతో తుడిచి మరీ పంపిందట. ఇనుములోకి పోయేదానికి ఈ ముస్తాబెందుకమ్మా అని మోసేవాడు నవ్వితే, ఇన్నాళ్లు అన్నం పెట్టినదాన్ని మురికి ముఖంతో పంపమంటావా అందట. ఈ మాట నాకు చెప్పింది ఆవిడ భర్త. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పుల్లల పలక చేసిచ్చిందీ, మేకులు కొట్టిందీ ఆయనే.

తర్వాత ఆవిడ మా బడికి గుమాస్తాగా వచ్చింది. అదే ఏడు ఏదో ఆఫీసువాళ్లు వాడి పారేసిన తొమ్మిది కంప్యూటర్లు మాకు దానమిచ్చారు. ఇచ్చేముందు తమ కాగితాలు బయటపడకూడదని లోపలి డిస్కులన్నీ ఊడదీసుకున్నారు. మీట నొక్కితే నల్లటి తెర, దాని మీద ఒక తెల్ల గీత, అంతే. మెదడు లేని పెట్టెలు. రెండు నెలలు దుప్పటి కప్పుకుని మూల పడి ఉన్నాయి.

పిల్లల కోసం తయారుచేసిన ఒక వ్యవస్థ మొత్తాన్నీ పుల్లలోకి ఎక్కించి, డిస్కు లేని పాత కంప్యూటర్ని కూడా దాంతో నడిపించవచ్చని ఆవిడ ఎక్కడో చదివింది. అప్పటికి ఆవిడకి నలభై తొమ్మిదేళ్లు. అచ్చువేయించిన కాగితాలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, తెలియని ప్రతి మాటకీ పైన పెన్సిలుతో అర్థం రాసుకుంటూ నెలన్నర కూర్చుంది. ఒకరోజు మధ్యాహ్నం నన్ను కిటికీలోంచి పిలిచి, తెర చూపించింది. దాని మీద "నీ పేరేమిటి?" అని ఉంది.

"పెట్టె నన్ను పేరు అడుగుతోంది చెల్లీ," అంది. కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచి ఆ గది నడుస్తోంది. పిల్ల తన పుల్ల గుచ్చి, మీట నొక్కి, కీబోర్డు పై వరుసలో ఇంకో మీట నొక్కి పట్టుకుని కూర్చుంటే పెట్టె మేలుకుంటుంది. బొమ్మలు, రాతలు, లెక్కలు, మాట్లాడిన గొంతు పట్టి దాచుకోవడం, అన్నీ పుల్లలోనే. ఏ పని చేసినా "దినచర్య" అనే పుటలో దానంతట అదే పడుతుంది. రేపు ఇంకో పెట్టె ముందు కూర్చున్నా అదే దినచర్య, నిన్న ఆపిన చోటే. పెట్టెలకి పిల్లలే పేర్లు పెట్టారు. మేలుకోవడానికి ఆరు నిమిషాలు తీసుకునేది ఆవులింత. ఫ్యాను గోల చేసేది గురక. ఇంకో రెండు ముసలి పెట్టెలకి పుల్ల గుచ్చినా కంటికి ఆనదు. ముందు సీడీ పెట్టి, ఆ సీడీ చేత పుల్లని చూపించాలి. వాటిని కళ్లజోడు తాతలు అంటారు.

ఆ గదిలో మూడు కట్టుబాట్లు. ఒకటి, పుల్ల చివర లైటు మిణుకుమంటుంటే ముట్టుకోకూడదు. లైటు నిద్రపోయాకే తియ్యాలి, లేకపోతే రాస్తున్న పుట మధ్యలో చిరిగినట్టే. రెండు, అడగకుండా ఇంకొకరి దినచర్య తెరవకూడదు. మూడోది టకటకమ్మ తనకి తాను పెట్టుకున్నది. ఒక పుల్లలోంచి ఇంకో పుల్లలోకి నకలు తీసేటప్పుడు, తెర మీద వేలు పెట్టి "ఎక్కడి నుంచి, ఎక్కడికి" అని పైకి చదివిన తర్వాతే మీట నొక్కాలి.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పనికిరాని పాత యంత్రాలు ఏవేవి ఉన్నాయో చూడటానికి అధికారి వస్తారు. గుర్తు పెట్టినవాటిని లారీలో తీసుకెళతారు, ఖాళీ అయిన గదిలో పాఠ్యపుస్తకాల కట్టలు పెట్టుకోవచ్చు. గురువారం పదకొండు గంటలకి.

పిల్లల పని చూస్తే అధికారి మనసు మారుతుందేమోనని మా పెద్దసారు, టకటకమ్మ ఆలోచించి ఒక్కరి పనిని ఎంచుకున్నారు. నిదానం చేసిన ఆట.

నిదానం నాలుగో తరగతి పిల్ల. నడక నిదానం, మాట నిదానం, చెప్పుల జత విప్పడానికే ఒక గంట తీసుకుంటుంది. ఆ పిల్ల ఎనిమిది నెలల పాటు తన వీధిలో పనివాళ్ల దగ్గరకల్లా వెళ్లి, వాళ్ల పనిముట్టు బొమ్మ గీసి, దాని పేరు వాళ్ల చేతే చెప్పించి గొంతు పట్టింది. వడ్రంగి చిత్రిక, దర్జీ కత్తెర, అద్దాలు కోసేవాడి వజ్రపు మొన. మూసి ఉన్న గళ్లలో బొమ్మ ఎక్కడుందో, దాని గొంతు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని జత కలపాలి. నలభై జతలు. ఆఖరిది టకటకమ్మ భర్త చెప్పిన "కంటద్దం". అది కంటికి తగిలించుకునే చెప్పాడట, ఆయన ముఖం చూసి నిదానం నవ్వితే ఆయనా నవ్వాడు. మాట వెనక ఆ నవ్వు కూడా పడింది.

ఆ గురువారం టకటకమ్మ ఎనిమిదింటికే వచ్చింది. అధికారి ముందు ఏ చిక్కూ రాకూడదని, నిదానం పుల్లకి ఒక నకలు తీసి పెట్టుకుందామనుకుంది. ఖాళీ పుల్ల ఒకటి, నిదానం పుల్ల ఒకటి గుచ్చింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే కొలత, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేలు పెట్టింది. "ఎక్కడి నుంచి" అని చదివింది. అంతలో పెద్దసారు గుమ్మంలోంచి, అమ్మా, వచ్చేవాళ్ల కుర్చీ ఫ్యాను కింద వేయించనా, తలుపు దగ్గర వేయించనా అని అడిగాడు. ఫ్యాను కిందే సార్ అని తలతిప్పి చెప్పి, మళ్లీ ఇటు తిరిగి మీట నొక్కింది.

ఖాళీ పుల్ల నకలు వెళ్లి నిండు పుల్ల మీద పడింది.

నేను వచ్చేసరికి ఆవిడ తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నిదానం పుల్లతో తెరిచిన పెట్టె మీద "నీ పేరేమిటి?" అని ఉంది. ఎనిమిది నెలల పరిచయం లేనట్టే అడుగుతోంది. ఒకప్పుడు ఆవిడ చేత కళ్లు తుడిపించిన ప్రశ్న అదే. దేవుడా, ఏదో ఒక దారి చూపించు అనుకున్నాను. అంతకంటే ఏమనుకోవాలో తోచలేదు.

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఆయన భయం ఆయనది. గది పోతే పోయింది, గుమాస్తామ్మ మీద మాట రాకూడదని ఆయన ఆరాటం. అందుకే మెల్లిగా, "పాత పుల్ల, దానంతట అదే చెడిపోయిందని చెప్పేద్దామమ్మా. ఎవరికి తెలుస్తుంది," అన్నాడు.

"పుల్లకి తెలియదు సార్, నాకు తెలుసు కదా," అంది టకటకమ్మ.

తొమ్మిదింటికి పిల్లలొచ్చారు. ఆవిడ నిదానాన్ని పక్కకి తీసుకెళ్లలేదు. అందరి ముందే, ఆ పిల్ల ఎత్తుకి మోకాళ్ల మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడి నుంచి అన్నది చూశాను, ఎక్కడికి అన్నది చూడలేదు, తప్పు నాది అంది. ఒకరిద్దరు తమ పుల్లలు గుప్పిట్లో బిగించుకోవడం నేను చూశాను.

నిదానం ఏడవలేదు. తన మేకు వంక చూసింది, దారం కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. గోడ గడియారం తొమ్మిదీ పది దాటింది. పెద్దసారు నిలబడలేక వరండాలోకి పోయి వచ్చాడు. ఆ పిల్ల నోరు తెరిచేసరికి తొమ్మిదింబావు.

"గురువారాలు అందరూ నా ఆటలో చేరేవాళ్లు కదా టీచర్. చేరినవాళ్ల దినచర్యలో కూడా పడుతుందని మీరే చెప్పారు."

టకటకమ్మ లేచి నిలబడింది. నిజమే. పెట్టెలన్నిటినీ ఒక తీగ కలుపుతుంది. ఒకరి ఆటలోకి ఇంకొకరు ఆ తీగ మీదుగా వచ్చి చేరితే, ఆ రోజుకి ఆట ఎంతవరకు ఉందో అంతా చేరినవాళ్ల పుల్లలో కూడా నిలుస్తుంది. గాభరాలో తను నేర్పిన పాఠమే ఆవిడకి గుర్తు రాలేదు.

ఇక వెతుకులాట. ముప్పై పుల్లలు, తొమ్మిది పెట్టెలు. ఒక్కో పుల్లకి పెట్టెని మళ్లీ మొదటి నుంచి మేల్కొలపాలి. ఆవులింత ఎప్పటిలాగే ఆవులించింది. తొందరపడి మీట రెండుసార్లు నొక్కేసరికి గురక ఆగిపోయి కూర్చుంది. తాతల్లో ఒకడు సీడీ మింగి బయటికి ఇవ్వనన్నాడు. అంత హడావిడిలోనూ టకటకమ్మ ప్రతి పిల్లనీ, నీ దినచర్య తెరవనా అమ్మా అని అడిగి, తల ఊపాకే తెరిచింది. పెద్దసారు గడియారం చూసుకుని నిట్టూర్చేవాడు గానీ వద్దనలేదు. మంచినీళ్ల కుండ దగ్గరుండే ఆయా ఎవరూ చెప్పకుండానే గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది.

ఒక పుల్లలో పన్నెండు జతలు దొరికాయి. ఒకదాంట్లో పందొమ్మిది. అందరికంటే ఎక్కువసార్లు ఆడింది వాగుడుకాయ అనే పిల్లాడు, వాడి మీద పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. తీరా తెరిస్తే ఆట లేదు. చోటు చాలక చెరిపేశాడట. ఉన్న చోటంతా వాడి సొంత ముఖం ఫొటోలే, నూట నాలుగు. పక్కవాడు, నీ ముఖానికి అంత చోటెందుకురా, అదేమన్నా ప్రపంచ పటమా అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వి, టీచర్ ముఖం చూసి ఆపేశారు.

పదింబావుకి ఇరవై ఏడు జతలు దొరికాయి. పదిన్నర అయినా ఇరవై ఏడే.

అన్ని పుల్లలూ అయిపోయాయి, ఒక్కటి తప్ప. పేచీ అనే పిల్ల పుల్ల. అది పలక మీద లేదు. పేచీ వెనక బల్ల దగ్గర నిలబడి, తన పుల్ల పాడైందని చెప్పింది. రెండు నెలలుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. పేచీ తండ్రి తాళాలు బాగుచేస్తాడు. ఆయన ఇనుము అరగదీసే ఆకురాయిని నిదానం గీస్తే అది చేపలా వచ్చి, తరగతంతా నవ్వింది. మా నాన్నని వెక్కిరించిందని పేచీ అలిగింది.

"పాడైతే నేను చూస్తానమ్మా, ఇలా ఇవ్వు," అంది టకటకమ్మ.

పేచీ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఇవ్వను. మీరు చెరిపేస్తారు."

ఆ మాట టకటకమ్మకి ఎక్కడ తగిలిందో మాకు తెలుసు. పెద్దసారు ఏదో అనబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బలవంతంగా లాక్కోవడానికి ఒక్క అడుగు చాలు, గడియారం పది ముప్పై ఐదు చూపిస్తోంది. ఆవిడ అడుగు వెయ్యలేదు. భయపడటంలో తప్పు లేదమ్మా, పొద్దున్న చేసిన పని చూస్తే నేనైనా నాకు ఇవ్వను అంది. అప్పుడు పేచీ కొంచెం కొంచెంగా చెప్పింది. నాన్న రెండు నెలలుగా దూరంగా పని మీద ఉన్నాడు. ఆయన గొంతు ఆ పిల్లకి ఉన్న చోటు ఆ ఆట ఒక్కటే. అందుకే కోపం ఉన్నా ప్రతి గురువారం చప్పుడు చెయ్యకుండా ఆటలో చేరేది. రోజూ పొద్దున ఒకసారి ఆ గడి తెరిచి "ఆకురాయి" అనిపించుకుని మూసేసేది.

నిదానం తన బల్ల దగ్గర నుంచి లేచి, తన నడకతోనే వచ్చి పేచీ పక్కన నిలబడింది. "మీ నాన్న నాకు రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి దగ్గు వచ్చింది," అంది.

పేచీ గుప్పిట విప్పింది. పుల్ల చెమటతో తడిసి ఉంది.

టకటకమ్మ దాన్ని చీర కొంగుతో తుడిచి పెట్టెకి గుచ్చింది. కొత్త పుల్ల కూడా గుచ్చింది. ఇప్పుడు కూడా రెండూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ పేచీని తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిల్ల వేలిని తెర మీద పెట్టించి, నువ్వు చదువు, నువ్వే నొక్కు అంది. తన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎక్కడి నుంచి," పేచీ చదివింది. "నా దాంట్లోంచి. ఎక్కడికి. కొత్త దాంట్లోకి."

"ఇంకోసారి."

పేచీ ఇంకోసారి చదివి నొక్కింది. లైటు మిణుకుమనడం మొదలైంది. పది నలభై ఎనిమిది.

పదకొండుకి ఆరు నిమిషాల ముందే గేటు దగ్గర కారు ఆగింది. పెద్దసారు పరుగులాంటి నడకతో వెళ్లి, అంతకంటే వేగంగా తిరిగొచ్చాడు. వరండాలో ఉన్నారమ్మా, తీసెయ్యండి, నిదానం పెట్టెలో పెట్టేయండి అన్నాడు. ఆవిడ పుల్ల మీద అరచెయ్యి గొడుగులా పట్టింది.

"లైటు నిద్రపోలేదు సార్."

అధికారి లోపలికొచ్చేసరికి గదిలో ముప్పై ఒక్క మంది పిల్లలూ, ముగ్గురు పెద్దలూ ఒక చిన్న ఆకుపచ్చ లైటు వంక చూస్తున్నారు. వచ్చినావిడ పెద్ద వయసు మనిషి, జుట్టు సగం నెరిసింది, చేతిలో ఎర్ర సుద్దముక్క. పనికిరాని పెట్టె మీద కొట్టు గుర్తు వెయ్యడానికి. నమస్కారం చెప్పడం కూడా ఎవరికీ తోచలేదు. ఆవిడా అటే చూసింది. లైటు నాలుగుసార్లు మిణుకుమంది, ఆగింది, ఇంకోసారి మిణుకుమంది. తర్వాత నిద్రపోయింది.

నిదానం ఆట తెరిచింది. ముప్పై నాలుగు జతలు. అధికారి ఫ్యాను కింద కుర్చీ వదిలేసి, పిల్లల బల్ల మీదే కూర్చుని ఆడింది. రెండుసార్లు తప్పింది, మూడోసారి ఆకురాయి కలిసింది. చేపకి గొంతుందే అంది. పేచీ ఈసారి అలగలేదు. ఆ బొమ్మ చూసి అందరికంటే ముందు ఫక్కున నవ్వింది అదే.

"ఇంకో ఆరు ఉండేవి, పోయాయి," అంది నిదానం.

ఎలా పోయాయి అని అధికారి అడిగింది. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. టకటకమ్మ ముందుకొచ్చి, నేనే చెరిపేశానండి, పొద్దున, చూసుకోకుండా అంది. అధికారి ఆవిడ వంక తిరిగి, మరి ఇవెలా దక్కాయి అంది. దానికి ముప్పై గొంతులు ఒకేసారి జవాబిచ్చాయి. వాగుడుకాయైతే తన నూట నాలుగు ఫొటోల సంగతి కూడా చెప్పేశాడు.

ఆ గోలంతా అయ్యాక నిదానం, తన వేగానికి తగ్గట్టు, అప్పటికి ఒక మాట తయారుచేసుకుంది. అధికారి చేతి వంక చూసి అడిగింది. "మీ పనిముట్టు అదేనా అండీ?"

అధికారి తన వేళ్ల మధ్య ఎర్ర సుద్దని అప్పుడే చూసినట్టు చూసుకుంది. పెద్దసారు నేల చూపులు చూశాడు. నిదానం మాత్రం అప్పటికే ఎర్ర రంగు తీసుకుని తెర మీద గీయడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే నిదానంగా గీసింది. అధికారి లేచి పోలేదు. గీయడం అయ్యాక వంగి, బడిపిల్లలా గొంతు సవరించుకుని, "సుద్దముక్క," అని చెప్పింది. అది ముప్పై అయిదో జత.

వెళ్లేముందు ఆవిడ గదంతా కలియదిరిగి, సీడీ మింగిన తాత మీద ఒక కొట్టు గుర్తు వేసింది. రెండో తాత మీదా వేసింది. ఆవులింత ముందు ఆగి, ఇది ఎంతసేపటికి లేస్తుంది అంది. ఆరు నిమిషాలండీ అన్నారు పిల్లలు. మా ఇంట్లో పిల్లలకంటే నయమే అని సుద్దముక్క సంచిలో వేసుకుంది. కాగితం మీద ఏదో రాసి పెద్దసారు చేతికిచ్చింది. ఏడు యంత్రాలు వాడుకలో ఉన్నాయి, గది ఖాళీ చేయనక్కర్లేదు అని ఉంది అందులో.

తాతలిద్దరినీ లారీ ఎక్కించే రోజున టకటకమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. మూడో కట్టుబాటు ఇప్పుడు ఆవిడ ఒక్కదానిదే కాదు. నకలు తీసేటప్పుడు పక్కన ఒక పిల్ల నిలబడి పైకి చదవాలి. పెద్దసారు గుమ్మంలోకొచ్చినా, అది అయ్యేదాకా కుర్చీల మాట ఎత్తడు.

మిగతా అయిదు జతల కోసం నిదానం మళ్లీ వీధి పట్టింది. ఆఖరున గడియారాల కొట్టుకి వెళ్లింది. టకటకమ్మ భర్త అద్దం కంటికి తగిలించుకుని, గొంతు సరిచేసుకుని, "కంటద్దం" అని శుభ్రంగా చెప్పాడు. నిదానం విని తల అడ్డంగా ఊపింది.

"నవ్వు రాలేదు తాతా. మళ్లీ చెప్పు."

ఆయన మళ్లీ చెప్పాడు. అది కూడా ఒప్పుకోలేదు. ఆయనకి నవ్వు వచ్చేదాకా ఆ పిల్ల కొట్టులో ముక్కాలిపీట మీద అలాగే కూర్చుందట.